ధన్వాడ సర్పంచ్, శాసనసభ స్పీకర్

1991 జూన్‌లో పి.వి. నరసింహారావు దేశానికి ప్రధాని అయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 19న, దుద్దిళ్ల శ్రీపాదరావు ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ అయ్యారు. 1957 నుంచి వరసగా నాలుగు ఎన్నికల్లో పి.వి.ని గెలిపించిన మంథనే శ్రీపాదరావునూ గెలిపించింది. అప్పటి కరీంనగర్ జిల్లా తూర్పు కొసన, అడవి అంచున ఉన్న నియోజకవర్గానికి అదెంత గర్వమో ఆ ఊళ్లవాళ్లకే తెలుసు.

ఇద్దరి దారులు మాత్రం వేరు. పి.వి.ని రాజకీయం ఢిల్లీ దాకా తీసుకెళ్లింది. 1935 మార్చి 2న పుట్టిన శ్రీపాదరావు న్యాయవాది. అయినా ప్రజాజీవితం సొంతూరు ధన్వాడ సర్పంచ్‌గానే మొదలుపెట్టారు. తర్వాత మహాదేవపూర్ సమితి అధ్యక్షుడయ్యారు. మండలాలు రాకముందు పల్లెకు ప్రభుత్వమంటే సమితే. బడి కావాలన్నా బాట కావాలన్నా జనం ఆ గడప తొక్కాల్సిందే. ఆయన రాజకీయానికి పునాది అక్కడే పడిందని నా నమ్మకం.

దానికి రుజువు 1983. తెలుగుదేశం ప్రభంజనంలో 294 స్థానాలకుగాను కాంగ్రెస్‌కు దక్కినవి 60. వాటిలో మంథని ఒకటి. 1985లో పార్టీ 50కి పడిపోయినా ఆయన పడిపోలేదు. 1989లో మూడోసారి గెలిచేసరికి కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది.

స్పీకర్ అయ్యేనాటికి ఆయన ఆరేళ్లకు పైగా ప్రతిపక్షంలో కూర్చున్న మనిషి. మైకు దొరకని సభ్యుడి బాధ ఎరిగినవాడు ఆ పీఠం మీద ఉండటం సభకు మేలు. ఆ కాలం కూడా తేలికైనది కాదు. ఎదురుగా ప్రతిపక్ష నేతగా ఎన్టీఆర్. అధికార పక్షంలో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. నెల్లూరు పల్లెల్లో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఫిరాయింపుల మీద స్పీకర్ ఇచ్చే తీర్పును కోర్టులు సమీక్షించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 1992లోనే. దేశంలోని స్పీకర్లందరి అధికారానికీ అది కొత్త హద్దు గీసింది.

1994 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 26 స్థానాలు. ఈసారి మంథని కూడా చేజారింది. పదవి పోయినా ఆయన ఊళ్లకు వెళ్లడం మానలేదు. పీపుల్స్‌వార్ పట్టున్న అడవి పల్లెలవి. 1999 ఏప్రిల్ 13న మహాదేవపూర్ ప్రాంతంలో నక్సలైట్లు ఆయన్ను కాల్చి చంపారు. సమితి అధ్యక్షుడిగా తిరిగిన నేల మీదే, ఏ పదవీ లేని రోజుల్లో, ఆ ప్రాణం తీశారు. ఏ సిద్ధాంతమూ దాన్ని సమర్థించలేదు.

ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో కొడుకు శ్రీధర్‌బాబు మంథనిలో గెలిచారు. తర్వాత శాసనసభా వ్యవహారాల మంత్రి కూడా అయ్యారు. బాసర మీదుగా వచ్చి పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మధ్య పారే గోదావరిపై, ఎల్లంపల్లి దగ్గర 2004లో మొదలైన ప్రాజెక్టుకు శ్రీపాద సాగర్ అని పేరు పెట్టారు. అందులో దాదాపు 20 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. 2024 నుంచి ఆయన జయంతిని తెలంగాణ ప్రభుత్వమే జరుపుతోంది.

సభలో ఆయన నడిపిన చర్చలు శాసనసభ గ్రంథాలయంలో భద్రంగానే ఉంటాయి. మహాదేవపూర్ సమితి తీర్మానాలను కూడా ఎవరైనా వెతికి అచ్చు వేస్తే బాగుండును. ఆయన్ను చూసిన పెద్దలు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు.