తండ్రి నత్తలు, కొడుకు నైట్రేట్లు

ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేట్లు పెరిగితే బతికున్న ఆల్చిప్పలు నాలుగు వేస్తే చాలునని ఒక నమ్మకం ఉంది. గుల్లజీవి నీటిని బాగుచేస్తుందన్న ఈ ఆలోచన అక్వేరియమంత పాతది.

లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త ఒక తొట్టెలో రెండు బంగారుచేపలనూ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ పెంచాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువు చేపలకు, చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువు మొక్కకు. లెక్క కుదిరింది గాని, కుళ్ళిన ఆకులతో నీరు మురికిపట్టింది. అప్పుడాయన చెరువునత్తలను వదిలాడు. అవి కుళ్ళును తినేశాయి, నీరు తేటపడింది. 1850లో కెమికల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఈ సమతౌల్యాన్ని వర్ణించాడు. పిమ్మట సముద్రపు నీటితోనూ ప్రయత్నించాడు.

కాని తేటనీరు వేరు, శుద్ధమైన నీరు వేరు. నత్త తిన్నది మాయమైపోదు. అందులోని నత్రజని చాలావరకు అమ్మోనియాగా నీటిలోకే వస్తుంది. ఆ తరువాతి కథను విప్పినవారిలో ఆయన కొడుకే ఉండటం చరిత్ర చేసిన చమత్కారం. అతని పేరూ రాబర్ట్ వారింగ్టనే! అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పనియని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ చూపారు. ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్‌లో పొలం మట్టిని పరిశోధిస్తున్న చిన్న వారింగ్టన్, ఆ మార్పు రెండంచెల్లో జరుగుతుందని తేల్చాడు: ముందు నైట్రైటు, పిదప నైట్రేటు. ఆ జీవులను వేరుచేసి చూపిన ఘనత మాత్రం 1890లో వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. ఈ జ్ఞానంతో తండ్రి తొట్టెను మళ్ళీ చూస్తే, అందులో నైట్రేటును పీల్చుకోగలిగినది మొక్కే, నత్త కాదు.

ఆల్చిప్ప సంగతీ అంతే. నీటిని వడగట్టి పాచికణాలను తింటుంది కనుక తొట్టె అద్దంలా మెరుస్తుంది. కరిగిన నైట్రేటు ఆ వడపోతకు చిక్కదు. తిన్నదానిలో కొంత మాంసంగా నిలిచినా, ఆల్చిప్పను బయటికి తీసినప్పుడే ఆ నత్రజని పోయినట్టు. తిండి చాలక లోపలే చచ్చిందా, దాచుకున్నదంతా తిరిగి నీటిపాలే. పాపం, నీరు తేటపడేకొద్దీ దానికి ఆకలే మిగులుతుంది.

ఒక్క మినహాయింపుంది: ట్రైడాక్నా అనే రాక్షసగుల్లలు. 1928-29లో గ్రేట్ బారియర్ రీఫ్‌కు బ్రిటిష్ శాస్త్రవేత్తల బృందాన్ని నడిపించిన సి. ఎం. యంగ్ వీటి దేహంలో కాపురముండే సూక్ష్మ శైవలాలను అధ్యయనం చేశాడు. వెలుతురుంటే ఆ శైవలాలు అమ్మోనియాను, నైట్రేటును కూడా ఆహారంగా గ్రహిస్తాయి. ఇక్కడా పనిచేసేది వాలిస్నేరియా బంధువర్గమే అనుకోవచ్చు, కాకపోతే గుల్లలో అద్దెకుంటోంది!

మాంసానికీ చిప్పకూ విపరీతంగా వేటాడటంతో, 1985 నాటికి ఈ గుల్లలన్నీ వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండవ అనుబంధంలోకి చేరాయి. పసిఫిక్‌లోని పలావు దీవుల హేచరీలో 1980లలో వాటి పిల్లలను పెద్దయెత్తున పెంచారు. నేడు ఇళ్ళ తొట్టెలకు చేరే రాక్షసగుల్లల్లో హేచరీల్లో పుట్టినవీ ఉన్నాయి.