ఒడుపు ముందు బలమెంత?

ట్రైనింగ్ సెంటర్‌లో గడిపిన మొదటి నెలలు మనలో ఎవరమూ మరిచిపోలేం. అన్‌ఆర్మ్‌డ్ కంబాట్ క్లాసులో మా ఉస్తాద్ ప్లటూన్‌లోకెల్లా బక్కపలచని కుర్రాణ్ణి ముందుకు పిలిచి, అందరికంటే బరువైనవాణ్ణి అతని చేతే ఇసుకలో పడేయించాడు. తరవాత్తరవాత అదే పాఠం నేనూ ఎందరికో చెప్పాను. రిటైరై ఇంటికొచ్చాక ఒకరోజు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, జవాన్లందరికీ నేర్పావుగా, నాకు మాత్రం ఎందుకు నేర్పలేదు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని చదివితే తెలిసిన సంగతులే ఇవి.

ఆడవాళ్లకు ఈ విద్యను పద్ధతిగా నేర్పిన తొలితరం గురువుల్లో ఎడిత్ గారడ్ ఒకరు. 1872లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో పుట్టారు. ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. భర్త విలియం వ్యాయామ శిక్షకుడు. సడకజు ఉయెనిషి అనే జపాను గురువు లండన్‌లో నడిపిన జుజుత్సు శిక్షణశాలలో దంపతులిద్దరూ చేరారు. 1908లో గురువు వెళ్లిపోయాక ఆ శిక్షణశాల వీరి చేతికొచ్చింది. అక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ పాఠాలు చెప్పింది ఎడితే.

అప్పట్లో బ్రిటన్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. అది కావాలని ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నాయకత్వంలో పెద్ద ఉద్యమం నడుస్తోంది. 1910 నవంబరు 18న పార్లమెంటుకు బయలుదేరిన సుమారు 300 మంది స్త్రీలను పోలీసులు, గుంపులోని మగవాళ్లు గంటల తరబడి కొట్టారు, చేయకూడని చోట చేతులు వేశారు. చరిత్రలో అది 'బ్లాక్ ఫ్రైడే'గా మిగిలింది. ఆ రోజు అక్కడున్నవారిలో మహారాజా రంజిత్ సింగ్ మనవరాలు సోఫియా దులీప్ సింగ్ కూడా ఉన్నారు.

1913లో ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. జైల్లో నిరాహార దీక్ష చేసి నీరసించినవారిని వదిలెయ్యడం, కాస్త కోలుకోగానే మళ్లీ పట్టుకోవడం. జనం దానికి 'పిల్లీ ఎలుకా చట్టం' అని పేరు పెట్టారు. నాయకురాలు మళ్లీ పట్టుబడకుండా చూడడానికి సుమారు 30 మంది స్త్రీలతో ఒక రక్షకదళం ఏర్పడింది. వారికి రహస్యంగా జుజుత్సు నేర్పింది ఎడిత్ గారడే. వాళ్లు దుస్తుల్లో దాచుకున్న ఆయుధం ఏమిటనుకున్నారు? ఇండియన్ క్లబ్స్! అంటే మన తాలింఖానాల్లో తిప్పే ముద్గరాలే. బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ చూసి తమ దేశానికి పట్టుకెళ్లిన సరంజామా అది.

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. 1914 మార్చి 9న గ్లాస్గో సభలో ఈ దళం వేదిక మీదే పోలీసులతో తలపడింది. పూలదండల కింద ముళ్లతీగ దాచి, ముద్గరాలతో గట్టిగానే పోరాడారు. అయినా సంఖ్యాబలం ముందు ఆగలేక నాయకురాలిని పోగొట్టుకున్నారు. అంతకు నెల ముందు లండన్‌లో మాత్రం వేరే ఎత్తు వేశారు. ముసుగు వేసిన ఇంకొక స్త్రీని పోలీసుల ముందుకు పంపారు. వాళ్లు ఆవిడ వెంట పడ్డారు, అసలు మనిషి తప్పించుకుపోయింది. ఆత్మరక్షణలో గెలుపంటే క్షేమంగా బయటపడడమే. ఎదుటివాణ్ణి చిత్తు చెయ్యడం మన పని కాదు.

ఈ విద్యను సైనిక శిక్షణలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు విలియం ఫెయిర్‌బెయిర్న్. బ్రిటిష్ మెరీన్‌గా మొదలై, 1907లో షాంఘై పోలీసులో చేరి, అక్కడే జుజుత్సు నేర్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కమాండోలకు శిక్షణ ఇచ్చాడు. ఆయనే 1942లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. మణికట్టు పట్టుకుంటే, గొంతు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, చేతిలోని గొడుగును ఎలా వాడాలి వంటివి అందులో బొమ్మలతో ఉన్నాయి.

మనకు తెలిసిన పాఠాలే ఇవి. ఎంతటి బలవంతుడి పట్టుకైనా బొటనవేలి వైపే సందు ఉంటుంది, చేతిని అటు తిప్పి లాగాలి. గడ్డం కింద అరచేతి మడమతో కొట్టడానికి, పాదం మీద మడమతో తొక్కడానికి, మోకాలితో గజ్జల్లో పొడవడానికి కండ అక్కర్లేదు. కానీ ముందు గొంతెత్తి అరవాలి, ఒక దెబ్బ కొట్టి సందు దొరకగానే పరుగెత్తాలి. ఇది ఒంటికి అలవాటయ్యేదాకా సాధన చెయ్యకపోతే అవసరమైన క్షణంలో గుర్తుకు రాదు.

ఇదంతా కాగితం మీద కబుర్లేనా అని అనుమానించేవారికి ఒక లెక్క. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినులపై జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. 12 గంటల శిక్షణకు ఎంపికైనవారిలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, ఆ శిక్షణ లేనివారిలో 9.8 శాతం. ఆ పాఠాల్లో దెబ్బలతో పాటు ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దుర్మార్గుడు చాలాసార్లు తెలిసినవాడే అయి ఉంటాడు. మొహమాటం వదిలి, తేడా కనబడగానే గట్టిగా 'వద్దు' అనగలగడం కూడా నేర్పారు.

చట్టం మాటేమిటి? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు ఉంది. అత్యాచారం చెయ్యాలనే ఉద్దేశంతో దాడి జరిగినప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదని 38వ సెక్షన్ చెబుతోంది. అయితే రక్షణకు అవసరమైనంతే, అంతకు మించకూడదు.

ఎంత నేర్చినా ఒక్కోసారి తప్పించుకోలేకపోవచ్చు. ఒళ్లు బిగుసుకుపోయి అరుపు కూడా రాకపోవచ్చు. అప్పుడు 'నువ్వెందుకు ఎదిరించలేదు?' అని ఆడపిల్లను అడిగే హక్కు ఎవరికీ లేదు. తప్పు పూర్తిగా దాడి చేసినవాడిదే.

మిత్రులారా, మనలో చాలామందికి ఈ విద్య ప్రభుత్వ ఖర్చుతో అబ్బింది. దాన్ని పింఛనుతో పాటు ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం న్యాయం కాదు. నేను ఆలస్యంగానైనా మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే మేడ మీద పాత దుప్పట్లు పరిచి, మా అమ్మాయికీ, కోడలికీ, పక్కింటి పిల్లలిద్దరికీ నేర్పుతున్నాను. మొన్న మా అమ్మాయి నన్ను రెండుసార్లు పడేసింది. నడుం ఇంకా నొప్పిగానే ఉంది గానీ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

జై హింద్!