ఎమాల్యుమెంట్స్: తిరగలి నుంచి పెన్షన్ దాకా

పెన్షన్ ప్రతిపాదనల కాగితాల్లో "యావరేజ్ ఎమాల్యుమెంట్స్" అనే గడి ఒకటి ఉంటుంది. గుమస్తాగా ఆ గడిని నేను ఎందరి కోసమో పూరించాను. చివరకు నా కోసమూ పూరించుకున్నాను. ఆఫీసు గడప దాటితే ఇంగ్లీషువారి నోట కూడా అరుదుగా వినిపించే ఈ మాట చరిత్ర పెన్షనరు సోదర సోదరీమణులు తెలుసుకోదగ్గది.

దీని పుట్టిల్లు లాటిన్. "మోలా" అంటే తిరగలి రాయి; "మోలెరె" అంటే విసరడం. ముందు "బయటికి" అనే అర్థమిచ్చే "ఎ" చేరితే "ఎమోలెరె", అంటే విసిరి పిండి తీయడం. దాని నుంచే "ఎమోలుమెంటుమ్" వచ్చిందనీ, ధాన్యం విసిరిపెట్టినవాడికి ముట్టే కూలి అనేదే బహుశా మొదటి అర్థమనీ నిఘంటుకారుల అభిప్రాయం. క్రమంగా లాభం, ప్రతిఫలం అనే అర్థాలు స్థిరపడి, 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలోనూ ఈ మాట ఉంది.

పళ్ల డాక్టరు "మోలార్" అని పిలిచే దవడపన్నూ ఈ తిరగలి కుటుంబానిదే. మనలో చాలామందికి ఆ తిరగళ్లు ఎప్పుడో రిటైరయ్యాయి!

"పెన్షన్" కూడా లాటిన్ మాటే. "పెండెరె" అంటే తూచడం. పూర్వం రోమన్లు లోహాన్ని తూచి బాకీ తీర్చేవారు గనుక, తూచడమే చెల్లించడమయింది. అంటే ఒక మాటలో కష్టం, రెండో మాటలో చెల్లింపు ఉన్నాయి. దానం అనే అర్థం రెంటిలోనూ లేదు.

మన సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. 1979లో కేంద్రం పెన్షన్ సూత్రాన్ని సడలించి, చివరి 36 నెలల ఎమాల్యుమెంట్స్ సగటుకు బదులు చివరి 10 నెలల సగటును లెక్కకు తీసుకుంది. అయితే ఆ మేలు 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి దక్కలేదు. డి.ఎస్. నకారా తదితరులు కోర్టుకెక్కారు. పెన్షన్ దయాభిక్ష కాదనీ, చేసిన సేవకు చెల్లింపనీ, పాత పెన్షనర్లను వేరుచేయడం చెల్లదనీ 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అందుకే ఆ తేదీ మనకు పెన్షనర్ల దినం.

ఇంత జరిగినా, స్వర్గస్థులైన సహోద్యోగుల భార్యలు ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆఫీసుల్లో "దయచేసి ఇప్పించండి బాబూ" అని చేతులు జోడించి నిలబడటం చూస్తూనే ఉన్నాం. అమ్మా, మీరు అడుగుతున్నది దయ కాదు. మీ ఇంటి మనిషి ముప్పై ఏళ్లు విసిరిన తిరగలికి రావలసిన కూలి అది. దర్జాగా అడగండి. తోడు రావడానికి మన సంఘం ఉంది.