తనంత తాను మారు గేరుపెట్టె

బరువుతో నిండిన లారీ ఘాటురోడ్డు ఎక్కునపుడు డ్రైవరుకు విరామముండదు. ఎడమకాలితో క్లచ్చి త్రొక్కవలెను, చేతితో గేరు మార్చవలెను, మరల క్లచ్చి వదలవలెను. ఇంజను కొంత వేగములోనే బలముగా పనిచేయును. చక్రములకు మాత్రము ఎత్తులో బలము, చదునులో వేగము కావలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చునది గేరుపెట్టె. ఆ పనిని యంత్రమునకే అప్పగించు ప్రయత్నమున ముఖ్యమైన మెట్టు ఒకటి, రోడ్డుమీద కాక, ఓడల కర్మాగారములో పుట్టినది.

ఆవిరి టర్బైను అతివేగముగా తిరుగును. ఓడను నెట్టు ప్రొపెల్లరు నెమ్మదిగా తిరుగవలెను. స్టెటిన్ పట్టణమున వల్కన్ కర్మాగారములో పనిచేయుచున్న జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోట్టింగర్ 1905లో ఇందుకొక సాధనమునకు పేటెంటు తీసికొనెను. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని నడిపినచో, గాలి తాకిడికి రెండవదియు తిరుగును. గాలికి బదులు ద్రవమును నింపి, రెంటిని ఒకే డొల్లలో బిగించినచో గట్టి శక్తినే అందించవచ్చును. ఆ రెంటి నడుమ కదలని రెక్కల చక్రమొకటి ఉంచి, తిరిగివచ్చు ద్రవమును అనుకూలమైన దిక్కునకు మళ్ళించినచో త్రిప్పుబలము పెరుగును. ఫోట్టింగర్ సాధనములోని కీలకమిదే.

రెండవ భాగము గ్రహచక్రముల అమరిక. మధ్య సూర్యచక్రము, దాని చుట్టు గ్రహచక్రములు, వెలుపల లోపలివైపు పళ్ళుగల వలయము ఉండును. సూర్యచక్రమునకు 30 పళ్ళు, వలయమునకు 90 పళ్ళు అనుకొందము. వలయమును కదలకుండ పట్టినచో, సూర్యచక్రము 4 సారులు తిరిగినపుడు గ్రహములను మోయు చట్రము ఒక్కసారి తిరుగును. రాపిడి నష్టము పోగా బలము ఇంచుమించు 4 రెట్లగును. ఏ రెంటినైనను కలిపి బంధించినచో అన్నియు ఒక్కటిగా తిరుగును. పళ్ళను విడదీయకయే గేరు మారుట ఇందలి సౌకర్యము. 1908 నాటి ఫోర్డు 'మోడల్ టి' కారులో ఈ అమరిక ఉండెను. కాని పట్టుట, వదలుట డ్రైవరు కాలిపనియే.

గేరు ఎప్పుడు మార్చవలెనో నిర్ణయించునది ఎవరు? మూడవ భాగము దీనికి జవాబు. బండి వేగము పెరిగినకొలది గుండ్రముగా తిరుగు చిన్న బరువులు వెలుపలికి జరిగి ఒక నూనె పీడనమును పెంచును. యాక్సిలరేటరును త్రొక్కినకొలది మరొక పీడనము దానికి ఎదురు నిలుచును. మొదటిది గెలిచినపుడు వాల్వు జరిగి, నూనె పై గేరు ఫలకలను బిగించును. ఎర్ల్ థాంప్సన్ నాయకత్వమున జనరల్ మోటార్సు ఇంజనీర్లు రూపొందించిన 'హైడ్రా-మాటిక్' 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చెను. దానిలో నడిమి రెక్కలచక్రము లేదు. కనుక 4 గేర్లు పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధములో అది తేలిక ట్యాంకులకును ఎక్కినది. 1964లో వచ్చిన 'టర్బో హైడ్రామాటిక్ 400'లో ఫోట్టింగర్ సాధనముతో 3 గేర్లు చాలినవి. అది ట్రక్కులలోను విరివిగా వాడబడినది.

అమెరికాలో ఇట్టి పాత ట్రక్కుల గేరుపెట్టెను ఇంటి షెడ్డులోనే విప్పి బాగుచేసికొనువారు కలరు. మొదటిసారి విప్పినవానిని ఆ విడిభాగముల రాశి భయపెట్టును. కాని పై చరిత్ర తెలిసినచో రాశి మూడు కుప్పలుగా విడిపోవును: ద్రవచక్రములు, గ్రహచక్రములు, వాల్వులు. సాధారణముగా ముందు చెడునవి ఉక్కు పళ్ళు కావు. రాపిడి ఫలకలు, రబ్బరు సీళ్ళు. నల్లబడి మాడువాసన కొట్టు నూనె ఇందుకు సాక్ష్యము.

క్రొత్తవాడు ఇచట కారణమును, ఫలితమును వేరుచేసి చూడవలెను. సీలు గట్టిపడినచో నూనె కారి పీడనము తగ్గును, ఫలకలు గట్టిగా పట్టక జారును, జారి మాడును. మాడిన ఫలకలను మాత్రము మార్చి పాత సీలును ఉంచినచో క్రొత్తవియు మాడును. అందుచే విప్పిన వరుసలోనే భాగములు పేర్చి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, క్రొత్త ఫలకలను నూనెలో నానబెట్టి, పెట్టె మూయుటకు ముందే నూనెదారులలో గాలి ఊది పరీక్షింతురు. సీలు నిలిచినచో ఫలకలు 'టక్'మని బిగియును. లేనిచో గాలి బుసకొట్టుచు పోవును. ఆ చప్పుడు విని లోపలి దోషమును తెలిసికొనవచ్చును.