కరువు సీమలో తోలుబొమ్మల విరాటపర్వం

హిందూపురం ప్రాంతపు కళాచరిత్ర రాసేవాళ్ళు మొదట లేపాక్షికి వెళతారు. పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో (1529–1542) కట్టించిన ఆ గుడి కప్పు మీద కిరాతార్జునీయం ఉంది. అడవి ఉంది, పంది ఉంది, వేట ఉంది. ధర్మవరం పట్టుచీరల్లోకి కూడా ఆ గుడి నగిషీలు దిగివచ్చాయి. గొప్ప చిత్రాలే, కాదనం. అయితే అది ఖజానా సొమ్ముతో వెలసిన అడవి. ఊరు తానే చందాలు వేసుకొని పిలిపించుకున్న అడవిని చూడాలంటే ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట దారి పట్టాలి.

అక్కడి తోలుబొమ్మలాటవాళ్ళ ఇంటిభాష మరాఠీ. తెర వెనక మాత్రం తెలుగు; రంగనాథ రామాయణపు ద్విపద వాళ్ళకు నోటికి వచ్చు. సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల నేల ఇది. అదీ ఏటా నమ్మకం లేదు. ధాత కరువు (1876–78) ఇక్కడి పల్లెలను తుడిచిపెట్టింది. ఇలాంటి చోట వాన మొహం చాటేసినప్పుడు బొమ్మలాటవాళ్ళను పిలిపించి విరాటపర్వం ఆడించేవారు.

మన విమర్శకులు దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో తేల్చేశారు. ఆట ఆడితే వాన పడదు, నిజమే. ఆ సంగతి తెల్లారేసరికి రైతుకే తెలుస్తుంది. అడగవలసింది వేరే ప్రశ్న: భారతంలో అన్ని పర్వాలుండగా ఈ పర్వమే ఎందుకు? నాకు తోచింది చెబుతాను. అది ఏడాదిపాటు కంటికి కనబడకుండా దాగినవాళ్ళు చివరికి బయటపడే కథ. శత్రువులు తోలుకుపోయిన ఆవుల మందలు తిరిగి ఊరు చేరే కథ. కరువులో ముందుగా ఇల్లు విడిచేవి పశువులే. రైతు ఆ తెర మీద పురాణాన్ని కాదు, తన కొట్టాన్ని చూసుకున్నాడు. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి మోటుమాటలతో నవ్వించేవాళ్ళు. ఆ రాత్రి ఊరి దిగులు ఊరందరిదీ అయ్యేది.

బొమ్మ తయారీలోనూ ఇదే బంధం. మేకతోలును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టి, వెలుగు పారేంత పలచన చేస్తారు. బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. వెనక ఆముదపు దీపం. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలే వాడేవారు. మాయలేడిని వేటాడిన రాముడు తానే జింకతోలై తెర మీద నిలబడ్డాడు! అడవి మీద ప్రేమ, అడవిని చంపడం ఈ కళలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ సంగతి దాచి దీన్ని పొగడటం నిజాయితీ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తోలుకు దారి మూసుకుపోయింది, మేకతోలే మిగిలింది.

సినిమా, దాని వెనక టెలివిజన్ వచ్చి రాత్రి ఆటను మింగాయి. కళాకారులు దీపపు గొడుగులు, గోడ పటాలు చేసి బతుకుతున్నారు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. మంచిదే. చెట్టూ నెమలీ గీసి పట్నంలో అమ్ముకున్నందుకు వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆకలి ముందు కళాస్వచ్ఛత గురించి ఉపన్యాసాలు చెల్లవు. కాకపోతే ఆ నెమలికి ఇప్పుడు కథ లేదు, పాట లేదు, ఎదురుగా కూచొని మబ్బు కోసం చూసే ఊరు లేదు. బొమ్మలు ఎలాగో మ్యూజియాలకు చేరుతున్నాయి. ఏ కరువులో ఏ ఊరి కరణం మీద కేతిగాడు ఏం విసిరాడో ముసలి కళాకారుల నోట ఇంకా వినవచ్చు. సాహిత్య విద్యార్థులు ముందుగా రాసుకోవలసింది ఆ మాటలనే.