అవ్వ ఏడ్వలేదు

డిగ్రీ రెండో ఏడు పిల్లలకు ప్రతి ఏటా ఒక పని ఇస్తాను. ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకం ఒకటి రాయాలి. నెల ఆగి, తాము రాసినదాని గురించే ఇంకో రెండు పేజీలు రాయాలి. మొదటిది చాలామంది బాగానే రాస్తారు. రెండోదే కష్టం.

ఈసారి పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక మాదిగ అమ్మాయి వాళ్ల అవ్వ చెప్పిన కథ రాసింది. అవ్వ పెళ్లికి దొర దగ్గర అప్పు చేశారు. ఆ అప్పు కింద అవ్వ వాళ్ల అన్న జీతమున్నాడు. ఈ ఉగాదికి తీరుతుందన్న అప్పు మళ్లీ ఉగాదికి పెరిగేది. "చెప్పుకుంటూ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది" అని ముగించింది. ఆ వాక్యం కింద గీత గీసి, చాలా బాగుంది అని రాశాను.

నెల తర్వాత రెండు పేజీలు వచ్చాయి. మొదటి మాటే ఇది: "అవ్వ ఏడ్వలేదు మేడమ్, నవ్వింది. మీరు క్లాసుల చదివించిన ఆత్మకథలు చూసి, ఇసొంటి కాడ ఏడుపే ఉండాలనుకొని నేనే పెట్టిన."

నవ్వు ఎందుకంటే, ఆ అన్న ఒక రాత్రి కట్టె, గొంగడి దొర కొట్టంలోనే వదిలేసి నాగార్జునసాగర్ పనికి పారిపోయాడు. పొద్దున వచ్చిన దొర మనిషి, జీతగాడు ఇంకా ముసుగుతన్ని పడుకున్నాడనుకుని ఆ గొంగడినే కాసేపు తిట్టాడట. డెబ్బై దాటిన అవ్వ ఇన్నేళ్లుగా ఆ తిట్లు తలుచుకుని నవ్వుతోంది. నా విద్యార్థి ఆ నవ్వు తీసేసింది. తీసేసినందుకు నేను మార్కులేశాను. నా పీహెచ్‌డీలో కూడా ఇదే చేశానేమో, ఏ నవలలో ఎంత బాధ ఉందో కొలవడం.

ఏ ఏడు అని అడిగితే, "సాగర్ నీళ్లు ఇడిసిన ఏడు తెల్లంగి తొడుక్కొని తిరిగొచ్చిండు" అందట అవ్వ. అమ్మాయి లైబ్రరీలో వెతికింది. సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అంటే అన్న జీతమున్నది ఆ 1967కు ముందు. ఇప్పుడు చట్టాలు పక్కన పెట్టి చూడండి. అప్పుతో మనిషిని కట్టేసే భాగేలా ఒప్పందాలకు నిజాం ప్రభుత్వం 1936లోనే హద్దులు పెట్టింది. 1950లో రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. అయినా 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేయాల్సి వచ్చింది. ఈ మధ్యకాలంలో అన్నను విడిపించింది ఏ చట్టమూ కాదు, డ్యాం పని. పాలమూరు వలసను మనం కరువు కథగానే రాస్తూ వచ్చాం. కొందరికి అది దొర నుంచి తప్పించుకునే దారి కూడా. (గుంపు మేస్త్రీ అడ్వాన్సు అనే ఇంకో ఉచ్చు ఉంది. దాని గురించి మరో భాగంలో.)

ఇంట్లో గొడవ వేరే. సంబంధాలు చూస్తున్నాం, "జీతం" మాట తీసెయ్యమన్నాడు తండ్రి. అమ్మాయి ఆ మాట ఉంచింది, ఊరి పేరు తీసేసింది. నేనైతే ఊరి పేరూ ఉంచేదాన్ని. కానీ అది వాళ్ల ఇల్లు, సెలవులకు పోవాల్సింది ఆమె.

మొన్న కొత్త ప్రతి అవ్వకు చదివి వినిపించిందట. గొంగడి దగ్గరికి రాగానే అవ్వ ఆపింది. తిట్లు తక్కువ రాసినవ్ అని, ఒక్కొక్కటీ మళ్లీ చెప్పి రాయించిందట.