వర్తూరు చిన్న కమతానికి తొలి ట్రాక్టరు: కొనే ముందు వేయవలసిన లెక్కలు

ప్రభుత్వ లెక్కల్లో రెండున్నర ఎకరాల లోపు భూమి గల వారిని సన్నకారు రైతులనీ, ఐదెకరాల లోపు వారిని చిన్నకారు రైతులనీ అంటారు. బెంగళూరుకు తూర్పున వర్తూరు, గుంజూరు, సర్జాపురం పరిసరాల్లో నేటికీ సేద్యం విడువని తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఈ రెండు తరగతులకు చెందినవే. ఎద్దులు పోయాయి. అద్దె ట్రాక్టరు తొలకరికి పిలిచిన రోజున రాదు. అందుచేత సొంత బండి కొనాలన్న ఆలోచన ప్రతి ఇంటిలోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. అటువంటి కుటుంబాలకూ, కోలారు, చిత్తూరు, హోసూరు సరిహద్దు పల్లెల్లోని వారి బంధువులకూ ఉపయోగపడే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

గంటల లెక్క

ట్రాక్టరు ఖర్చును లెక్కించే వ్యవసాయ ఇంజనీర్లు సాధారణంగా ఏడాదికి వెయ్యి గంటల పనిని ప్రమాణంగా తీసుకుంటారు. నాలుగెకరాల కమతంలో ఆ వెయ్యి గంటలు ఎక్కడి నుండి వస్తాయి? రాగి, అనప, కూరగాయలు కలిపి ఏడాదికి రెండు పంటలు అనుకుందాం. ఎకరాకు రెండు సార్లు కల్టివేటరు, ఒకసారి రోటవేటరు, ఆపై చదును పని చేస్తే చిన్న ట్రాక్టరుతో పంటకు ఆరు గంటలు పడుతుంది. నాలుగెకరాలకు రెండు పంటలకు కలిపి 48 గంటలు. ఎరువు తోలకానికి మరో పన్నెండు గంటలు కలిపినా మొత్తం 60 గంటలే.

ఇక రూపాయల మాట. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలు వేసుకొని లెక్క తిరిగి చేయాలి. ట్రాక్టరు, రోటవేటరు, కల్టివేటరు కలిపి ఐదున్నర లక్షలు అనుకొని, లక్షన్నర చేతి నుండి పెట్టి, నాలుగు లక్షలు అప్పు తెచ్చినట్లయితే, నూటికి పది వడ్డీతో ఐదేళ్ళ గడువుకు సాలీనా వాయిదా సుమారు 1,05,500 రూపాయలు. గంటకు మూడు లీటర్ల చొప్పున 180 లీటర్ల డీజిలు, లీటరు 90 రూపాయల లెక్కన 16,200. బీమా, ఆయిలు, సర్వీసు కలిపి 18,000. మొత్తం లక్షా నలభై వేలకు చేరుతుంది. అదే పనిని 40 హార్సుపవరు అద్దె బండి 40 గంటల్లో ముగిస్తుంది. గంటకు 1,200 చొప్పున 48,000 రూపాయలు. తేడా 92,000.

ఈ తేడాను పూడ్చడానికి ఇరుగుపొరుగు పొలాల్లో అద్దెకు దున్నాలి. డీజిలు, అరుగుదల పోను గంటకు 500 రూపాయలు మిగిలినా ఏడాదికి 180 గంటలకు పైగా బయటి పని దొరకాలి. మాలూరు, ముళబాగిలు, కుప్పం వైపు పల్లెల్లో ఇది అసాధ్యమేమీ కాదు. వర్తూరు సంగతి వేరు. 2007లో ఈ ప్రాంతం మహానగర పాలికె పరిధిలో చేరింది. ఆనాడు రాగి పండిన పొలాల్లో అనేకం నేడు లేఅవుట్లు, బహుళ అంతస్తుల భవనాలు. దున్నవలసిన పొరుగు పొలమే లేనప్పుడు అద్దె రాబడి కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

అయితే రెండవ వైపు కూడా చూడాలి. పొలాలు తగ్గిన చోట అద్దె బండ్లూ తగ్గుతాయి. పదును ఆరేలోగా దున్నకపోతే విత్తనం ఆలస్యమై పంట దిగుబడి పడిపోతుంది. ఆ నష్టం పై లెక్కలో కనబడదు. అప్పు తీరిన ఆరవ సంవత్సరం నుండి సొంత బండి ఖర్చు అద్దె కంటే తక్కువే అవుతుంది. కావున మరో పదేళ్ళు తప్పక సేద్యం చేస్తామనీ, భూమిని అమ్మబోమనీ నిశ్చయించుకున్న కుటుంబానికి చిన్న బండి కొనుగోలు సమంజసమే. ఆ నిశ్చయం లేని ఇంట్లో ట్రాక్టరు గురించి కాక ముందు భూమి గురించి అన్నదమ్ములు కూర్చొని మాట్లాడుకోవాలి.

ఎన్ని హార్సుపవర్లు?

హార్సుపవరు ఎక్కువైతే మంచిదన్న భావం మనలో బలంగా ఉన్నది. కాని ఎర్రనేలలో ఐదెకరాల లోపు సేద్యానికి 18 నుండి 28 హార్సుపవర్ల బండి చాలు. పెద్ద బండి మడి మూలల్లో తిరగలేదు, గట్లు తొక్కుతుంది, పదును నేలను అదిమి గట్టిపరుస్తుంది. చిన్న బండి వెడల్పు నాలుగడుగుల లోపే ఉంటుంది గనుక మామిడి, కొబ్బరి వరుసల మధ్యకు సులభంగా పోతుంది. కొనే ముందు పొలం దారిలో అత్యంత ఇరుకైన చోటును టేపుతో కొలిచి, ఆ కొలతను జేబులో పెట్టుకొని షోరూముకు వెళ్ళడం మేలు.

పరికరం బండికి సరిపోవాలి. 18 నుండి 24 హార్సుపవర్లకు మూడడుగుల రోటవేటరు, ఐదు కొర్రుల కల్టివేటరు తగినవి. తొమ్మిది కొర్రుల కల్టివేటరు, ఐదడుగుల రోటవేటరు 35 నుండి 45 హార్సుపవర్ల బండికి చెందినవి. పాత పెద్ద పరికరం ఇంట్లో ఉన్నదని దానిని చిన్న బండికి తగిలిస్తే ఇంజను అలసిపోతుంది, ముందు చక్రాలు పైకి లేస్తాయి.

కరపత్రంలో ముద్రించేది ఇంజను శక్తి. రోటవేటరును తిప్పేది వెనుకనున్న పి.టి.ఓ. ఇరుసుకు చేరే శక్తి. అది ఎప్పుడూ ఇంజను శక్తి కంటే తక్కువే. రెండు బండ్లను పోల్చేటప్పుడు పి.టి.ఓ. అంకెను పి.టి.ఓ. అంకెతోనే పోల్చాలి. అలాగే వెనుక చేతులు ఎన్ని కిలోల బరువు ఎత్తగలవో అడగాలి. ఈ అంకెలకు కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థల నివేదికలే ఆధారం. మధ్యప్రదేశ్‌లోని బుద్ని సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. యంత్రాల శిక్షణ, పరీక్షలకు దక్షిణాది సంస్థ మన సరిహద్దులోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. అక్కడ రైతులకు శిక్షణ ఇస్తారు. ఇంట్లో బండి నడపబోయే యువకుణ్ణి కొనుగోలుకు ముందే అక్కడికి పంపడం ఎంతో ఉచితం.

చెరువు కింద వరిమడి గలవారికి వేరే ఆలోచన అవసరం. దమ్ములో రెండు చక్రాల చోదనం గల చిన్న బండి కూరుకుపోతుంది. నాలుగు చక్రాల చోదనం గాని, కేజ్‌వీల్ అని పిలిచే ఇనుప చక్రాలు గాని ఉండాలి. ఒకటి రెండు ఎకరాలే అయితే పవర్ టిల్లరు చాలునేమో చూడాలి. ఈ విషయంలో వర్తూరు వారికి దగ్గరి చరిత్ర ఒకటున్నది. 1967లో జపానుకు చెందిన మిత్సుబిషి సహకారంతో బెంగళూరులో మొదలైన వి.ఎస్.టి. సంస్థ, వైట్‌ఫీల్డు దారిలోని మహదేవపురలో పవర్ టిల్లర్లను తయారు చేసింది. దాని 13 హార్సుపవర్ల శక్తి టిల్లరు, పద్దెనిమిదిన్నర హార్సుపవర్ల మిత్సుబిషి శక్తి చిన్న ట్రాక్టరు ఈ సీమ రైతులకు సుపరిచితాలు. టిల్లరు వెనుక రోజంతా నడవాలి, చేతులు అదురుతాయి. యాభై దాటిన తండ్రి ఒక్కడే సేద్యం చేసే ఇంట్లో అది పొదుపు అనిపించుకోదు.

కంపెనీ పేరు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. 15 నుండి 28 హార్సుపవర్ల తరగతిలో మహీంద్రా, స్వరాజ్, కుబోటా, వి.ఎస్.టి. బండ్లు దొరుకుతున్నాయి. విడిభాగాలు, మెకానిక్కు పది పన్నెండు మైళ్ళలోపు దొరికే బండిదే మంచి పేరు.

పాత బండి

సెకండ్ హ్యాండ్ బండి చూడబోయేవారు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళాలి. యజమాని ముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే అనుమానించాలి. నీలిపొగ ఆయిలు కాలుతున్నదనడానికి గుర్తు. అది పెద్ద ఖర్చు. నల్లపొగ ఎయిర్ క్లీనరు మూసుకుపోవడం వల్ల గాని, ఇంధనం ఎక్కువ పోవడం వల్ల గాని వస్తుంది. అది కొంత నయం. రేడియేటరు నీటిలో ఆయిలు తేలుతున్నట్లయితే బేరం అక్కడితో ఆపవచ్చు. ముందు చక్రాన్ని జాకీపై లేపి చేతులతో ఊపి చూస్తే ఇరుసు అరుగుదల తెలుస్తుంది. హెచ్.ఎం.టి. పాత బండ్లు తక్కువ ధరకు వస్తాయి. 1971 నుండి హర్యానాలోని పింజోరులో ట్రాక్టర్లు చేసిన ఆ ప్రభుత్వ సంస్థ విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. విడిభాగాలకు ఎవరున్నారో విచారించుకున్న తరువాతనే అటువంటి బండి కొనాలి.

అప్పు, సరిహద్దు కాగితాలు

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో ఉంటుంది. రాయితీ భూమి ఉన్న రాష్ట్రంలోనే లభిస్తుంది. కర్ణాటకలో పహణి, ఫ్రూట్స్ గుర్తింపు సంఖ్యతో హోబళిలోని రైత సంపర్క కేంద్రానికి వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బి పత్రాలతో రైతు సేవా కేంద్రంలో అడగాలి. విస్తీర్ణం ఇక్కడ ఎకరాకు 40 గుంటలుగా, అక్కడ 100 సెంట్లుగా రాస్తారు. దరఖాస్తులో ఆ మార్పు చేసేటప్పుడు పిల్లల చేత ఒకసారి లెక్క సరిచూపించండి. బడిలో నేర్చిన త్రైరాశికం అక్కరకొస్తుంది. రాయితీ శాతం ఏటా మారుతుంది గనుక డీలరు మాటను కాక కార్యాలయంలోని ఆ ఏటి ఉత్తర్వును నమ్మాలి. మంజూరు పత్రం చేతికి రాకముందు బయానా ఇవ్వరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ వరుసను చూసుకోవాలి.

పొరుగు రాష్ట్రంలో రిజిస్టరైన పాత బండి కొంటే, అమ్మకందారు రిజిస్టరింగు కార్యాలయం నుండి ఫారం 28పై నిరభ్యంతర పత్రం, యాజమాన్య మార్పుకు ఫారం 29, 30, బ్యాంకు అప్పు తీరినట్లు ఫారం 35 తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి సంఖ్య తీసుకోవలసిందే. బంధువుల బండే కదా అని పాత పేరుతోనే నడిపేవారు, ప్రమాదం జరిగిన నాడు ఆ బంధువును కోర్టు మెట్లెక్కిస్తారు.

పూచీకత్తు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి 1.60 లక్షల నుండి 2 లక్షలకు పెంచింది. అంతకు మించిన రుణానికి బండితో పాటు భూమిని కూడా తనఖా అడగవచ్చు. వర్తూరులో ఒక గుంట భూమి విలువ ఒక ట్రాక్టరు ధర కంటే ఎంతో ఎక్కువ. ఐదు లక్షల యంత్రానికి నాలుగెకరాలనూ తనఖా రాయడం మా దృష్టిలో అవివేకం. బండి హైపోథికేషనుతోనే రుణమిచ్చే బ్యాంకును వెదకాలి, లేదా ముందు చెల్లింపు పెంచుకొని అప్పును తగ్గించుకోవాలి. భూమి తప్పనిసరైతే ఒక్క సర్వే నంబరునే రాయాలి. అప్పు తీరిన నాడు పహణిలోని ఋణాల గడి నుండి ఆ నమోదును తీసివేయించుకోవడం మరువరాదు.

వాయిదా కట్టలేక కొందరు ట్రాక్టరుకు నీటి ట్యాంకరు తగిలిస్తారు. 2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడి నాడు ట్యాంకరు ధరలను జిల్లా యంత్రాంగమే నిర్ణయించవలసి వచ్చింది. ఆ రాబడి ఆకర్షణీయమే. కాని వ్యవసాయానికి రిజిస్టరైన బండిని కిరాయి రవాణాకు వాడితే అనుమతి ఉల్లంఘన అవుతుంది, బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. ఆ పని చేయదలచినవారు వాణిజ్య రిజిస్ట్రేషను, తగిన బీమా తీసుకొనే చేయాలి. ట్రాలీలో కూలీలను తీసుకొని పోవడం, మడ్‌గార్డుపై పిల్లలను కూర్చోబెట్టడం కూడా ఇటువంటివే. ఆ సీటు బీమా లెక్కలో లేదు.

కొనకుండా గడపదలచినవారికి

కర్ణాటకలో 2014-15 నుండి కృషి యంత్రధారె అద్దె కేంద్రాలు హోబళి స్థాయిలో వచ్చాయి. తమిళనాట వ్యవసాయ ఇంజనీరింగు శాఖ గంటల లెక్కన యంత్రాలు ఇస్తుంది. తొలకరికి అందరూ ఒకేసారి అడుగుతారు గనుక ముందుగా పేరు రాయించుకోవాలి. ముగ్గురు నలుగురు దాయాదులు కలిసి ఒక బండి కొనడం మరో మార్గం. అప్పుడు దున్నే వరుస, డీజిలు, రిపేరీ వాటాలు, ఒకరు విడిపోతే ఇవ్వవలసిన సొమ్ము కాగితంపై రాసుకోవాలి. రిజిస్ట్రేషను ఒకరి పేరనే ఉంటుంది గనుక ఆ కాగితమే మిగతావారికి రక్ష.

బండి ఇంటికి వచ్చాక మొదటి వారం

కొత్త బండికి తొలి 50 గంటలు పూర్తి బరువు వేయరాదు. ఆ తరువాత మొదటి సర్వీసులో ఆయిలు మార్పించాలి. బరువును ఎప్పుడూ కింది డ్రాబారుకే తగిలించాలి. ఇరుసు కంటే పైన తాడు కట్టి దిగబడిన బండినో, నీలగిరి మొద్దునో లాగితే ముందు భాగం లేచి వెనుకకు బోర్లాపడడానికి ఒకటి రెండు క్షణాలే పడుతుంది. దూకే వ్యవధి ఉండదు. పి.టి.ఓ. ఇరుసుపై తొడుగు లేకుండా నడపరాదు. పంచె, చీర కొంగు, చున్నీ చుట్టుకున్న ప్రమాదాలు ఆ తొడుగు తీసి పారేసిన బండ్ల దగ్గరే జరుగుతాయి. పొలంలో విడివిడిగా వాడే రెండు బ్రేకు పెడళ్ళను గుంజూరు రోడ్డు ఎక్కే ముందు గొళ్ళెంతో కలపాలి. ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు అతికించాలి. నగరం వాహనాలు రాత్రిపూట మన బండిని చూసి ఆగేది వాటి వల్లనే.